బేసి గింజలు

నేషనల్ పార్క్ గేటు దగ్గర కొత్తగా నిలబెట్టిన బోర్డు చూసి ఊరంతా ముచ్చటపడింది. ఝాబే రామ్ ఒక్కడికే గుండె జారిపోయింది.

పన్నెండడుగుల బోర్డు అది. తెల్లవారుజాము వెలుతురు, పచ్చిక వాలు, వెనక మూడు మంచు శిఖరాలు. వాలు మీద గళ్ళ ఉన్ని శాలువ కప్పుకుని వంగి ఉన్న ఒక ఆడమనిషి. తలకి గుడ్డ కట్టుకుంది, మొహం కనబడదు. వీపున వెదురు బుట్ట. కింద పెద్ద అక్షరాలతో రాశారు, 'ప్రకృతీ సంస్కృతీ కలిసే చోటు' అని.

ఆ బుట్ట అడుగున నీలం తాడు అల్లి ఉంది. ఆ తాడు ఝాబే తన టెంటు నుంచి కోసి తెచ్చింది. ఆ బుట్టని బాగుచేసింది కూడా అతనే, మార్చిలో, తన అక్క సుర్మీ కోసం.

ఫోటో తీసింది కలకత్తా నుంచి వచ్చిన మేడమ్. మే నెలలో ఐదు రోజులు, గైడుగా వెళ్ళిన అతని వెంట తిరిగింది. నాలుగో రోజు పొద్దున్నే టెంటులోంచి బయటికొచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా కెమెరా ఎత్తింది.

"ఎవరు ఝాబే జీ ఆవిడ?"

"ఎవరో గొర్రెల వాళ్ళు, మేడమ్."

"ఏం కోస్తోంది?"

"పూలు. పూజకి."

ఆ క్షణంలోనే ఆ ఫోటో చెరిపేయమని అడగాల్సింది. అడిగితే ఎందుకంటుంది. ఊరుకున్నాడు. మేడమ్‌ది మంచి మనసు. ఇంటికెళ్ళాక ఆ ఫోటోని పార్క్‌కి కానుకగా పంపింది, పైసా తీసుకోకుండా.

గేటు నుంచి ఊళ్ళోకి గంటన్నర ఎక్కుడు. ఝాబే ముప్పావు గంటలో ఎక్కాడు.

"అక్కా, బుట్ట ఏదీ?"

"ఏ బుట్ట? ఇంట్లో మూడున్నాయి."

"నీలం తాడు కట్టింది."

"దాన్నిండా పేడుంది. ఏం, పెళ్ళికి పట్టుకెళ్తావా?"

అతను పశువుల కొట్టంలోకి వెళ్ళి, పేడ కుమ్మరించి, బుట్టని కాలితో తొక్కి విరిచి పొయ్యిలో కుక్కాడు. తాడు కాలుతుంటే ఇల్లంతా నల్ల పొగ కమ్మింది. సుర్మీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తూ నిలబడింది. పొగ తగ్గాక నెమ్మదిగా అడిగింది.

"ఎవరన్నా చూశారా?"

"అందరూ చూస్తున్నారు. నువ్వని ఎవరికీ తెలీదు. అంతే."

సుర్మీ అతని కంటే పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు ఝాబేకి నాలుగేళ్ళు. వీపున కట్టుకుని మేకల్ని తోలింది, తన రొట్టెలో సగం విరిచి అతనికి పెట్టింది. అతని పెళ్ళయ్యేదాకా తను అత్తారింటికి సరిగ్గా కాపరానికే వెళ్ళలేదు. ఆ పచ్చిక వాలు ఒకప్పుడు వాళ్ళ నాన్న వేసవి మకాం. పార్క్ వచ్చి మేత మూసేశారు, వేర్లు తవ్వడం నేరమన్నారు. హక్కులు పోయినవాళ్ళ జాబితా రాసినప్పుడు పుట్టింటివాళ్ళు ఆమెని పెళ్ళైపోయిన పిల్ల అన్నారు, అత్తింటివాళ్ళు మొగుడు పోయిన మనిషి అన్నారు. రెండు జాబితాల్లోనూ ఆమె పేరు లేదు. అప్పట్నుంచీ ఏటా మంచు కరగ్గానే ఆమె నాన్న మకాం దగ్గరికే వెళ్ళి నాగఛత్రి వేర్లు తవ్వుకొస్తోంది. మందుల వ్యాపారులు ఎగబడి కొనే వేరది. పట్టుబడితే జైలు.

మూడు వారాలు గడిచాయి. ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. వచ్చినవాళ్ళు ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఝాబేకి రాత్రి నిద్ర పట్టడం మొదలైంది.

అప్పుడు డెహ్రాడూన్ నుంచి ఒక మొక్కల పండితుడు దిగాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, బోర్డు దగ్గరికెళ్ళి, ఆ ఆడమనిషి చేతి వంక చాలాసేపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"రేంజర్ గారూ, ఆవిడ చేతిలో ఉన్నది పువ్వు కాదండీ. నాగఛత్రి వేరు. మీ గేటుకి మీరే దొంగతనం బొమ్మ కట్టుకున్నారు."

రేంజర్ నేగీ మొహం మాడిపోయింది. సాయంత్రానికల్లా బోర్డు మీద టార్పాలిన్ పడింది. మర్నాడు పొద్దున్నే ధారాగాడ్ ఊరి గైడ్లు పద్నాలుగు మందీ ఆఫీసు ముందు వరసగా నిలబడ్డారు. ఎవరో గొర్రెల వాళ్ళనుకున్నానని ఝాబే చెప్పిన మాట నేగీ నమ్మలేదు.

"ఎవరి ఆవు ఎప్పుడు ఈనుతుందో మీ ఊరందరికీ తెలుసు," అన్నాడు నేగీ. "ఈ వీపెవరిదో తెలీదా?"

"సాబ్, పరాయి ఆడదాని వీపు గుర్తుపట్టానంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు," అన్నాడు వెనక నుంచి ఒకడు.

నలుగురు నవ్వారు. నేగీ కూడా నవ్వాడు, నవ్వుతూనే సొరుగు లాగి తెరిచి చూపించాడు.

"ఆదివారం లోపు నాకు పేరు కావాలి. లేకపోతే మీ పద్నాలుగు గైడు కార్డులూ ఇందులో పడతాయి. వచ్చేవాళ్ళకి కొండలూ గుళ్ళూ చూపించడానికి పక్కూరి నుంచి గైడ్లని పిలిపించుకుంటాను."

కార్డు లేకపోతే ధారాగాడ్‌లో పొయ్యి వెలగదు. పద్నాలుగు మందీ నవ్వు మానేశారు.

ఆ సాయంత్రం గుడి అరుగు మీద ఊరు కూర్చుంది. గుడి పెత్తనమంతా మోహర్ సింగ్‌ది. కర్దార్ అంటారతన్ని. దేవుడి పొలాలూ పల్లకీ నగలూ అతని చేతిలోనే ఉంటాయి. ఎర్ర అంచు టోపీ సర్దుకుని, అందరూ అరిచి అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచాడు.

"మనిషి నోటితో పేరు చెబితే మూడు తరాలు కొట్టుకు చస్తారు. దేవుణ్ణి అడుగుదాం."

అందరికీ నచ్చింది. ఫోటో తీసిన వారం రోడ్డు పనికి వెళ్ళిన ఆడవాళ్ళ పేర్లు హాజరు మస్తరులో ఉన్నాయి. వాళ్ళని తీసేస్తే తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిది మందికీ శనివారం పొద్దున దేవుడి గింజలు. దేవుడు పూనే మనిషిని గూర్ అంటారు. ఆ గూర్ చిటికెడు బియ్యం ఇస్తాడు. గింజలు బేసిగా వస్తే నిర్దోషి. సరి సంఖ్య వస్తే మళ్ళీ ఇస్తాడు. వరసగా మూడుసార్లు సరి వస్తే ఇక అడిగేది లేదు, ఆమే దోషి.

ఝాబే ఇంటికి వెళ్తుంటే నీటి తిరగలి దగ్గర మోహర్ సింగ్ కలిశాడు. కలిశాడంటే, కాచుకుని ఉన్నాడు.

"శనివారం గోడ అవతలికి పళ్ళెం నువ్వు మొయ్యి."

"ఎప్పుడూ పూజారి కొడుకు మోస్తాడుగా, కాకా."

"వాడి చెయ్యి వణుకుతుంది. నీది గట్టి చెయ్యి."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు. సుర్మీ తవ్విన వేర్లు కొనేది మోహర్ సింగే. అవి అతని ఆపిల్ పెట్టెల అడుగున బజారుకి వెళ్తాయి. ఆమె నోరు తెరిస్తే రెండో పేరు అతనిదే.

ఆ తొమ్మిది మందిలో గుడి గోడ అవతల కూర్చునేది ఒక్కతే, ఫుల్మా. ఆమె కులం వాళ్ళు గుడి ఆవరణలో కాలు పెట్టకూడదు. వాగు ఒడ్డున ఒంటరి గుడిసెలో ఉంటూ ఊరందరికీ ఉన్ని వడికి పెడుతుంది. దేవుడి గింజలు నేరుగా ఆమె అరచేతిలో పడవు. ఒకడు పళ్ళెంలో మోసుకెళ్ళి, గోడ అవతల రాతిపలక మీద పోసి, ఆమె ముందే లెక్కపెట్టి, గట్టిగా చెప్పాలి.

శుక్రవారం సుర్మీ రొట్టెలు కాలుస్తూ అంది, "ఎవరి పేరూ రాకపోతే నేనే లేచి చెప్పేస్తాను, తమ్ముడూ."

"నీకు పిచ్చా? ఎవడు అడిగాడు నిన్ను?"

"మనుషులెవరూ కాదు. అడిగింది దేవుడు. దేవుడి గడపలో కూర్చుని నోరు మూసుకుంటే అది అబద్ధమే."

"నేగీ ముందు చెప్పుకో ఆ మాట. మూడేళ్ళు లోపలేస్తాడు."

"వెయ్యనీ. అక్కడా రొట్టె పెడతారు." పెనం మీది రొట్టెని తిరగేసింది. "మనింట్లో పిండికంటే అదే మేలేమో."

ఝాబేకి నవ్వు రాలేదు.

శనివారం డప్పులు మోగాయి, కొమ్ములు ఊదారు. గూర్ ఖ్యాలీ రామ్ టోపీ తీసేసి జుట్టు విరబోసుకుని దేవుడి ముందు కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఊళ్ళో ఎవరితోనూ పేచీ లేనివాడు. కళ్ళు మూసుకునే ఇత్తడి గిన్నెలోంచి చిటికెడు బియ్యం తీసి ఇస్తాడు. లంచం ఇద్దామన్నా పనికిరాదు, ఎన్ని గింజలు తీశాడో ఆయనకే తెలీదు.

మొదటావిడకి ఐదు. రెండో ఆవిడకి నాలుగు, తర్వాత తొమ్మిది.

మూడోది సుర్మీ. అరచేయి చాచింది. పూజారి లెక్కపెట్టాడు. "ఆరు."

ఝాబే చేతిలో రాగి పళ్ళెం తడిసిపోతోంది.

"ఎనిమిది."

ఎవరో దగ్గారు. మోహర్ సింగ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. గూర్ చెయ్యి మూడోసారి గిన్నెలోకి వెళ్ళింది. సుర్మీ మొహంలో భయం లేదు. ఎప్పుడో రావాల్సిన బస్సు వచ్చిందన్నట్టు చూస్తోంది.

"ఏడు," అన్నాడు పూజారి.

ఝాబే ఊపిరి వదిలాడు. సుర్మీ లేచి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

నాలుగో ఆవిడ, ఐదో ఆవిడ, ఆరో ఆవిడ. ఒకరి తర్వాత ఒకరు నిర్దోషులుగా లేచిపోతున్నారు. ఎనిమిదో ఆవిడకి మొదటి చిటికెలోనే మూడు గింజలొచ్చాయి. ఇక మిగిలింది గోడ అవతల ఉన్న ఫుల్మా. ఆమె కూడా నిర్దోషి అయితే పేరు రాదు. పేరు రాకపోతే... ఝాబే ఆడవాళ్ళ వైపు చూశాడు. సుర్మీ తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంటోంది. నలుగురిలో లేచి మాట్లాడేముందు ఆమె చేసే పని అది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాడు.

"పళ్ళెం తే," అన్నాడు పూజారి.

గింజలు పళ్ళెంలో పడ్డాయి. గోడ దాకా ఇరవై అడుగులు. నడుస్తూనే చూశాడు. ఏడు.

బేసి. ఫుల్మా నిర్దోషి. ఆ అంకె చెప్పగానే అక్క లేస్తుంది.

పళ్ళెం అంచు పట్టుకున్న బొటనవేలు లోపలికి జరిగింది. చెమటకి ఒక గింజ దానికి అంటుకుంది. రాతిపలక మీద మిగతావి జారాయి.

"ఆరు," అన్నాడు గట్టిగా.

ఫుల్మా పొద్దున్నుంచీ ఆ రాయి మీదే కూర్చుని కదురు తిప్పుతోంది. చెయ్యి ఆపి గింజల వైపు చూసి నవ్వింది. "ఆరా? ఎండకి దేవుడి కళ్ళు కూడా బైర్లు కమ్మాయేమో, అయ్యా. మళ్ళీ తెండి."

రెండోసారి పళ్ళెంలో ఎనిమిది గింజలు పడ్డాయి. నడుస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎనిమిదే. ఝాబే వేలు కదపలేదు. మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఎనిమిది."

ఈసారి ఫుల్మా నవ్వలేదు. కదురు పక్కన పెట్టింది.

మూడోసారి ఐదు.

ఇరవై అడుగులు. పదిహేనో అడుగు దగ్గర అతను ఆగిపోయినంత పని చేశాడు. వెనక్కి చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాడో అతనికి తెలీదు. బొటనవేలు జరిగింది.

"నాలుగు."

గోడ లోపల గూర్ ఒళ్ళంతా ఊగిపోయింది. డప్పులు ఒక్కసారిగా లేచాయి. ఊరంతా తలలు వంచింది. ఫుల్మా మాత్రం తన రెండు చేతులూ ముందుకి చాపి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది.

"నేనా?" అంది. ఎవరినీ అడగలేదు. చేతుల్నే అడిగింది.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. బుట్ట ఏదని నేగీ మనుషులు అడిగితే ఫుల్మా తన బుట్ట చూపించింది. తాడేదంటే తెలీదంది. కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే వేసింది. నువ్వేనా తవ్వింది అంటే, "దేవుడు చెప్పాడుగా బాబూ," అంది. పదకొండు రోజులు జైల్లో ఉంచారు. ఆ పదకొండు రోజుల్లో పద్నాలుగు కార్డులకీ కొత్త ముద్రలు పడ్డాయి.

బెయిలు మీద వచ్చిన మర్నాడే ఫుల్మా తన ఒక్కగానొక్క గొర్రెని తోలుకొచ్చి గోడ అవతల కట్టేసి వెళ్ళింది. ఊరికి మైల పడింది కాబట్టి ప్రాయశ్చిత్తం. ఆమె తోలుకురావాలి, వీళ్ళు కోసుకోవాలి, వండుకోవాలి, తినాలి. ఆమెకి పెట్టరు.

విస్తరి ముందు ఝాబే చెయ్యి కదల్లేదు.

"తిను," అంది సుర్మీ. "దేవుడి ముందు వండింది వదలకూడదు."

"అక్కా." గొంతు తగ్గించాడు. "తవ్వింది నువ్వు."

"నేనూ తవ్వాను. అదీ తవ్వి ఉంటుంది. వాగు ఒడ్డున ఒక్కతే ఉంటుంది, ఏం చేస్తోందో ఎవరు చూశారు?"

"ఆ ఫోటోలో ఉన్నది నువ్వు."

"ఫోటో సంగతి నేగీకి. దేవుడికి ఫోటోలెందుకురా?" ఎముక పక్కన పెట్టి, అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ కళ్ళలో ఉన్న దిగులు పోయింది. "రెండుసార్లు నన్ను పట్టుకున్నాడు. మూడోసారి వదిలేశాడు. నువ్వు చూశావుగా. ఇన్నాళ్ళూ దొంగలా ఎక్కాను ఆ కొండ. అది నాన్న మకాం, నీదే పో అని చెప్పాడు నాకు. ఇంకెవరు చెప్పాలి?"

ఝాబే నోరు తెరిచాడు. బొటనవేలి సంగతి చెప్పొచ్చు. చెబితే ఆమె ఈ విస్తరి ముందు నుంచే లేస్తుంది, తలగుడ్డ బిగించుకుని గుడి మధ్యకి వెళ్ళి నిలబడుతుంది. ఆమె కోసమే చేశాడు. ఇప్పుడు ఆమెకే చెప్పకూడదు.

ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"నాకు కొత్త బుట్ట అల్లి పెట్టు," అంది సుర్మీ. "పాతది నువ్వేగా కాల్చావు."

అల్లి పెట్టాడు. వానలు తగ్గగానే ఆమె మళ్ళీ కొండెక్కింది. ఈసారి చీకటితో కాదు, ఎండ వచ్చాక, పాట పాడుకుంటూ. ఝాబే వచ్చినవాళ్ళని ఆ వాలు వైపు తీసుకెళ్ళడం మానేశాడు. దారి కూలిపోయిందని చెప్పేవాడు.

గుడికి వెళ్ళడం మాత్రం మానలేకపోయాడు. గైడు కదా, వచ్చినవాళ్ళకి గుడి చూపించాలి. అందరితో పాటు అతనూ చెప్పులు విప్పేవాడు, వంగి దణ్ణం పెట్టేవాడు. లోపల ఏమీ కదిలేది కాదు. ఒక్కోసారి ఆ రెండో చిటికె గుర్తొచ్చేది. ఎనిమిది గింజలు. తను ముట్టుకోనివి. దేవుడే పలికాడనుకుంటే తప్పు లేని మనిషిని పట్టించిన దేవుడు. పలకలేదనుకుంటే అక్కని వదిలిందీ ఆయన కాదు. ఎటు తిప్పి ఆలోచించినా తల పగిలిపోయేది. ఆలోచించడం మానేసి టెంటు మేకులు దిగ్గొట్టేవాడు.

అక్టోబరులో పూణే నుంచి మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఇద్దరూ టీచర్లు. మోనాల్ పిట్టని చూడాలన్నారు, పాత చెక్క గుళ్ళు చూడాలన్నారు. రెండూ చూపించాడు. దిగి వస్తుంటే ఆవిడ అడిగింది.

"భయ్యా, మీ ఊళ్ళో బియ్యపు గింజలతో దొంగని పట్టారటగా? కర్దార్ గారు చెప్పారు. నిజంగా పలుకుతాయా?"

"పలుకుతాయి, మేడమ్."

"ఎప్పుడూ తప్పు రాదా?"

"రాదు."

"చూశావా," అంది ఆవిడ మొగుడితో. "కెమెరాలూ కోర్టులూ ఏం లేకుండా. ఇలాంటివి కాపాడుకోవాలి."

వాగు దగ్గర మలుపు తిరిగేసరికి దారి పక్కన ఫుల్మా నిలబడి ఉంది. చేతిలో కదురు లేదు. దేవుడు పట్టించిన మనిషికి ఊళ్ళో ఎవరూ ఉన్ని ఇవ్వడం లేదు. మనిషి సగమైపోయింది. దారి ఇచ్చి పక్కకి జరిగింది. వాళ్ళు దాటబోతుంటే పిలిచింది.

"అయ్యా, ఒక్క మాట."

ఝాబే ఆగాడు. పూణే వాళ్ళు కొంచెం ముందుకెళ్ళి నీళ్ళ సీసా తీశారు.

"నాకు గుర్తు రావట్లేదయ్యా," అంది ఫుల్మా. గొంతులో నిష్ఠూరం లేదు. బజారులో దారి అడిగినట్టు అడుగుతోంది. "కట్టెలకి వెళ్ళాను, అది గుర్తుంది. ఎండు పేడ ఏరాను. కొండ పైకి వెళ్ళినట్టు గుర్తు లేదు. వేరు తవ్వినట్టు గుర్తు లేదు. రోజూ కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను. చేసిన పని గుర్తు లేకుండా ఎలా పోతుంది? మతి పోతోందేమో నాకు."

ఝాబే సంచీ పట్టీ బిగించుకున్నాడు.

"లెక్కపెట్టింది మీరు. నాకు అంకెలు అంత బాగా రావు. ఆరు, ఎనిమిది, నాలుగు. అంతేనా? ఆఖర్న ఐదు కాదు కదా?"

వాగు గట్టిగా పారుతోంది. పూణే ఆవిడ దూరం నుంచి చెయ్యి ఊపింది, తొందరేమీ లేదన్నట్టు.

ఐదు అని ఒక్క మాట అంటే చాలు. అతని నాలుక చివర ఉంది. పైన వాలు మీద ఇప్పుడు, ఈ ఎండలో, సుర్మీ పాడుకుంటూ తవ్వుతోంది.

"నాలుగే," అన్నాడు.

ఫుల్మా తలాడించింది. భుజాలు దిగాయి. ఏదో బరువు దించుకున్నట్టే ఉంది.

"అయితే నేనే," అంది. "ఎక్కడో తవ్వే ఉంటాను. మీరు చెప్పారు కాబట్టి ఇక వెతుక్కోను, అయ్యా. రాత్రి పడుకుంటాను."

అతనికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి గుడిసె వైపు దిగిపోయింది.

"ఏమంటోంది పాపం?" అని అడిగింది పూణే ఆవిడ, అతను దగ్గరికి రాగానే.

"ఏం లేదు, మేడమ్," అన్నాడు ఝాబే. "జాగ్రత్త. ఇక్కణ్ణుంచి రాళ్ళు జారతాయి."